లంబాడీ బాలికల విద్యాసంప్రదాయము: తిరువూరు సీమ తండాలు

ఆంధ్రదేశమున లిపి లేని భాషలు మాటలాడు జాతులలో లంబాడీలు సంఖ్యచేతను వ్యాప్తిచేతను ముఖ్యులు. వీరు పూర్వము దేశసంచారులు; నేఁడు తండాలయందు స్థిరనివాసులు. ఇట్టి జాతియందు ఆఁడుబిడ్డ యెట్లు పెరుగును, ఏమి నేర్చును, ఆ నేర్చినదానికి నేఁడు గల విలువ యెట్టిది యను విషయము సంఘసంస్కర్తలకే కాక భాషాపరిశోధకులకును బాఠశాలా పండితులకును విచారణీయము. వ్రాఁత లేని జాతికిఁ బాటయే వాఙ్మయము. లంబాడీలలో ఆ పాటలలోఁ బెక్కింటిని ధరించి తరువాతి తరమున కందించువారు స్త్రీలు. కావున నా జాతి బాలిక పెరుగుట యనఁగా నొక వాఙ్మయము ఒక కంఠమునుండి మఱియొక కంఠమునకుఁ జేరుట. అయినను బడిలో అడుగిడిన నాఁడు ఆమె యేమియు రానిదిగా లెక్కింపఁబడుచున్నది. ఈ లెక్క యెంతవఱకు న్యాయమో పరిశీలింపవలసియున్నది.

తిరువూరు సీమ

తిరువూరు పూర్వము కృష్ణామండలమున నొక తాలూకాకు ముఖ్యస్థానము. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన ఎన్.టి.ఆర్. జిల్లా యేర్పడినప్పుడు అది యొక రెవెన్యూ విభాగమునకు ముఖ్యస్థానమయ్యెను. విజయవాడనుండి జగదల్‌పురమునకుఁ బోవు జాతీయమార్గము దీని మీఁదుగాఁ బోవును. దీని కుత్తరమున ఖమ్మము సీమ కలదు; 1948 వఱకు నది నైజాము రాజ్యమునఁ జేరియుండినది. ఈ ప్రాంతమున, విశేషించి ఏ. కొండూరు మండలమున, లంబాడీ తండాలు పెక్కులు కలవు. తండాకు నాయకుఁడైనవాని పేరే తండాకుఁ బేరగుట వీరి యాచారము; మాన్‌సింగ్ తండా యను నామ మిందులకు నిదర్శనము.

రాజ్యముల సరిహద్దులు వీరి బంధుత్వములకు సరిహద్దులు కావు. ఈవలి తండా పిల్ల ఆవలి తండాకుఁ గోడలగుచునే యున్నది. అయినను శాసనముల దృష్టిలో నీ భేదము చిరకాలము నిలిచెను. ఆంధ్రప్రాంతపు సుగాలీలును లంబాడీలును షెడ్యూల్డు తెగలలో ముందే చేర్పఁబడిరి. తెలంగాణ ప్రాంతమువారు 1976వ సంవత్సరపు సవరణచట్టముచేతఁ గాని చేరలేదు. ఒకే పాట పాడు నక్కసెల్లెండ్రలో నొకతె చదువునకు సర్కారు సాయము పొందుటకును, వేఱొకతె పొందకుండుటకును గొన్ని క్రోసుల దూరమే కారణమై యుండినది.

నామములు, పూర్వవృత్తి

లంబాడీ, లమాణి, బంజారా, సుగాలి యనునవి యితరులు వాడుకచేసిన పేర్లు. తమలోఁ దాము వీరు ‘గోర్’ అని చెప్పుకొందురు; తమవారు కానివారిని ‘కోర్’ అందురు. లవణశబ్దమునుండి లమాణి, లంబాడీ యను రూపములు పుట్టినవని తఱుచుగాఁ జెప్పుదురు. బంజారా శబ్దమును ‘వణిజ్’ అను సంస్కృతశబ్దముతో ముడిపెట్టుదురు. ఈ వ్యుత్పత్తు లెట్లున్నను ఉప్పును ధాన్యమును ఎద్దులపై మోయుటయే వీరి పూర్వవృత్తి యనుటలో వివాదము లేదు. సముద్రతీరపు టుప్పు లోదేశమునకును, లోదేశపు ధాన్యమును బ్రత్తియు తీరమునకును వీరి యెద్దులమీఁదనే చేరెడివి. పదునేడవ శతాబ్దమున మొగలుల సేనలు దక్షిణాపథమునకు వచ్చినపుడు వానికి గ్రాసము మోసినవారును వీరే.

‘తండా’ యను శబ్దము మిక్కిలి గమనింపఁదగినది. దానికి మొదటి యర్థము బిడారు. 1632లో పీటర్ మండీ యను ఆంగ్లయాత్రికుఁడు ఉత్తరదేశమునఁ దాను చూచిన బంజారాల తండాలోఁ బదునాలుగు వేల యెద్దులుండెనని వ్రాసెను. వారు ఆలుబిడ్డలతో సంసారమంతయు వెంటఁబెట్టుకొని తిరుగువారనియు నతఁడు తెలిపెను. నాఁడు కదలిపోవు సమూహమునకుఁ బేరైనది నేఁడు కదలక నిలిచిన పల్లెకుఁ బేరైనది. ఆ జాతి చరిత్రమంతయు నీ యర్థపరిణామమున నిమిడియున్నది.

ఈ పరిణామమునకుఁ గారణములు స్పష్టములు. 1805లో మద్రాసు రాజధానిలో నుప్పు వ్యాపారము కుంపిణీవారి గుత్తాధికారములోనికిఁ బోయెను. తరువాత ఇనుపదారులు పడెను. హైదరాబాదు వైపునుండి రైలు 1889లో బెజవాడ చేరెను. ఎద్దుకు మోయఁదగిన బరువు మిగులలేదు. బ్రతుకుతెరువు పోయిన సంచారజాతులను ప్రభుత్వమువా రనుమానదృష్టితోఁ జూచిరి. 1871వ సంవత్సరపు నేరస్థజాతుల చట్టమునకు మాఱుగా 1911లో వచ్చిన చట్టము మద్రాసు రాజధానికిని వర్తించెను. లంబాడీ శాఖలు కొన్ని దాని పాలఁబడెను. అట్టి చట్టములు రద్దగువఱకు, పుట్టుకచేతనే నేరస్థుఁ డనిపించుకొనుట మగవానికే కాక వాని యింటి యాఁడుబిడ్డకును సంప్రాప్తమయ్యెను.

భాష

లంబాడీల మాటకు ‘గోర్ బోలి’ యని పేరు. 1907లో వెలువడిన భారతీయ భాషాసర్వేక్షణ తొమ్మిదవ సంపుటపు మూఁడవ భాగమున గ్రియర్సను పండితుఁడు దీనిని బరిశీలించెను. ఇది ఆర్యభాష, రాజస్థానీ భాషలతో దీనికి దగ్గఱి చుట్టఱికము కలదు. ఆంధ్రదేశమున శతాబ్దములు నివసించుటచేఁ దెలుఁగు మాటలు దీనఁ బెక్కులు చేరినవి.

కొన్ని పదములఁ జూచినచో సంస్కృతపరిచయము గల పాఠకునకు మూలము తానే తోఁచును. నీటికి పాణి (పానీయ), చెవికి కాన్ (కర్ణ), పంటికి దాంత్ (దంత), చేతికి హాత్ (హస్త), ఇంటికి ఘర్ (గృహ) యనుట వారి వాడుక. తల్లి యాడి, తండ్రి బాప్, అన్నదమ్ములు భియా, బాలిక ఛోరి.

ఐరోపాఖండమున సంచరించు రోమా జాతివారి భాషతో నీ పదములను బోల్చుట యుచితము. వారు నీటిని పానీ యనియు, చెవిని కాన్ అనియు, పంటిని దంద్ అనియు, చేతిని వస్త్ అనియు, ఇంటిని ఖేర్ అనియు అందురు. 1782లో ర్యూడిగర్ అను జర్మను పండితుఁడు రోమా భాష హిందూదేశమునఁ బుట్టినదని భాషాసాక్ష్యముతో నిరూపించెను. ఈ సామ్యమును జూచి లంబాడీలును రోమాలును ఒకే జాతివారని కొందఱు చెప్పుచున్నారు. ఇంతమాత్రమున నది సిద్ధాంతము కానేరదు. పైపదములు ఆర్యభాషల కెల్ల సామాన్యములు. రోమాల పూర్వులు సుమారు వేయేండ్ల క్రిందట దేశము విడిచిరి. లంబాడీలు దేశములోనే తిరిగిరి. రెండు జాతులకును నిజముగా సామాన్యమైనది వేఱొకటి కలదు. ఇల్లు కదలుచున్నను భాష కదలకుండఁ గాపాడినది రెండుచోట్లను ఇంటిలోని మాటయే. ఆ మాటను బిడ్డకు మొదట నేర్పునది తల్లి.

బాల్యము, సూదిపని

తండాలో ఛోరికి బాల్యము చాల కొద్దికాలము. ఐదాఱేండ్ల ప్రాయముననే చెల్లెండ్రను దమ్ములను జంకనెత్తుకొనును. తల్లివెంట నీళ్లకును వంటచెఱకునకును బోవును. తలపైఁ గడవ నిలుచుటకు వీరు వాడు చుట్టకుదురు సాధారణమైనది కాదు. గవ్వలతోను రంగుదారములతోను గుట్టఁబడినది. దానిని ఇంఢోణి యందురు. నీరు మోయుట యెట్లో నేర్చుటతోఁ గూడ నీరు మోయు సాధనమును జేయుటయు బాలిక నేర్చుకొనును.

కుట్టుపని వీరి స్త్రీలకుఁ బ్రధానవిద్య. ఫేటియా యనఁబడు పరికిణి, కాంచళి యనఁబడు ఱవిక, టుక్రి యనఁబడు మేలిముసుఁగు: ఈ మూఁడును అద్దపుబిళ్లలతో, గవ్వలతో, పూసలతో నిండియుండును. ఏ కుట్టు ఎక్కడ వేయవలయునో చెప్పు గ్రంథము లేదు. తల్లి కుట్టుచుండఁగాఁ జూచి, తప్పు కుట్టి, విప్పి, మరలఁ గుట్టి నేర్చుకొనవలసినదే. కర్ణాటకములోని సండూరు సీమ లంబాణీ కుట్టుపనికి భౌగోళికసూచిక యను ప్రభుత్వగుర్తింపు లభించినది. ఆ పని కిది మూలమైన శిక్షణము.

ఈ వేషము వట్టి యలంకారము కాదు, చదువఁదగిన వ్రాఁత. చెక్కిళ్లపక్కను జడలనుండి వ్రేలాడు ఘుగ్రియు, మోచేతికిఁ బైభాగమున ధరించు గాజులును బెండ్లియైన దానికే చెల్లును. కావున దూరమునుండి చూచినంతనే కన్య యెవరో, ముత్తైదువ యెవరో, భర్త పోయినది యెవరో తండావారు గుర్తింతురు. బాలిక యీ గుఱుతులను బసిప్రాయముననే చదువ నేర్చును.

తీజు పండుగ

కన్యల శిక్షణకుఁ బరీక్షాకాలమువంటిది తీజు పండుగ. ఇది శ్రావణమాసమున వచ్చును. వానకాలమున బాటలు బురదయై ఎద్దులు నడువలేవు గనుక పూర్వము బిడారులు ఒక్కచోట నిలిచియుండెడివి. ఆ నిలుకడకాలపుఁ బండుగ యిది. పెండ్లికాని బాలిక లందఱును జేరి మొదట తండా నాయకుని యనుమతి వేఁడవలయును. పిమ్మట వెదురుబుట్టలలో పుట్టమన్నును ఎరువును నింపి గోధుమలు చల్లుదురు. తొమ్మిది దినములు ప్రతిదినమును నీరు పోయుచు, బుట్టలచుట్టును దిరుగుచుఁ బాడుదురు. నానిన సెనగలను రేఁగుముండ్లకు గ్రుచ్చుట యొక ముచ్చట. వరుసైన మగపిల్లలు ఆ రేఁగుకొమ్మను గదలించి వారి నల్లరిపెట్టుదురు. ముల్లు గ్రుచ్చుకొన్నను జేయి వెనుకకుఁ దీయరాదు. తుదిదినములలో మట్టితో గణగోర్ ప్రతిమలు చేయుదురు. కడపటి దినమున మొలకలను బెద్దలకుఁ బంచి, మిగిలినవానిని నీటఁ గలుపుదురు. అప్పుడు బాలికలు ఒకరినొకరు కౌఁగిలించుకొని యేడ్తురు. మరుసటియేఁడు తమలో నెవ్వతె యత్తవారింట నుండునో తెలియదు గదా!

పండుగ సాగు తొమ్మిది దినములును బాటలు సాగును. పెద్దపిల్ల యెత్తుకొనఁగాఁ జిన్నపిల్లలందుకొందురు. ఏడెనిమిదేండ్ల పిల్ల, పెండ్లియగు వఱకుఁ బదిమార్లు తీజునఁ బాల్గొన్నచో, ఆ పాటలన్నియు కంఠస్థములగును. వేదాధ్యయనమున గురువు చెప్పఁగా శిష్యుఁడు వల్లించు పద్ధతికిని దీనికిని రీతిలో భేదము లేదు; భేదము గౌరవములోనే.

ఢావ్‌లో, హవేలి

వివాహమున బాలిక యంతవఱకు నేర్చినదంతయు సభాముఖమునఁ జూపవలయును. పుట్టినిల్లు విడుచు పెండ్లికూఁతురు తల్లిని, తండ్రిని, అన్నదమ్ములను, చెలికత్తెలను ఒక్కొక్కరిని గౌఁగిలించుకొని పాడు విలాపగీతమునకు ‘ఢావ్‌లో’ యని పేరు. పెండ్లికి ముందు పెద్దముత్తైదువులు పెండ్లికూఁతురిని గూర్చుండఁబెట్టుకొని యీ పాట నేర్పుదురు. వరుసనుబట్టి సంబోధనము మాఱవలయును; తల్లితోఁ బాడినది పినతల్లితోఁ బాడరాదు. తనను బెంచినవారి మేలు తలఁచుట, తన నింత దూర మంపుచున్నందుకు నిష్ఠూరమాడుట, తన యెడబాటునకు వగచుట: ఈ మూఁడును దానిలోఁ గలసియుండును. కట్టుదిట్టమైన యీ చట్టములో సమయమునకుఁ దగిన మాటలను బాలిక తానుగాఁ గూర్చుకొనవలయును. ఆశుకవిత యనఁదగిన దిదియే.

పిదప పెండ్లికూఁతురిని అలంకరించిన యెద్దుపై నిలుపుదురు. ఆమె రెండు చేతులు నెత్తి, తన తండ్రి తండా పచ్చగా నుండవలయునని దీవించుచుఁ బాడును. దీనికి ‘హవేలి’ యని పేరు. వ్యాపారము పోయి, బిడారు పోయి, ఎద్దు వీఁపుపై గోనెసంచి పోయినను, పెండ్లికూఁతురు నిలుచుటకు ఎద్దు మిగిలినది. జాతి పూర్వవృత్తి కంతకును గుఱుతుగా నిలిచిన యా యెద్దుపై నిలిచి పాడు నధికారము కన్యకే కలదు. అట్లు వెళ్లిపోవునదియే యుండిపోవువారిని దీవించుట గమనింపఁదగినది.

ఓలినుండి కట్నమునకు

ఈ జాతిలో పూర్వము వరుని తరపువారే కన్య తండ్రికి ఓలి యిచ్చెడివారు. ఎద్దులును రూకలును అందులోఁ జేరియుండెడివి. ఎడ్గర్ థర్‌స్టను 1909లో ప్రకటించిన దక్షిణదేశపు జాతుల గ్రంథమునను దీని ప్రస్తావము కలదు. ఓలియం దొక కీడు కలదనుట నిజమే. పిల్లను వెలకుఁ గొన్నట్లు మాటలాడుటకు నది తావిచ్చినది. అయినను పిల్ల చేతిపని యింటికి లాభమను నెఱుక దానియం దుండెను.

భూమి నంటి నిలిచిన పిమ్మట ఇరుగుపొరుగు తెలుఁగు కాపుల మర్యాదలు తండాకుఁ బ్రాఁకెను. వానిలో వరకట్న మొకటి. ఒకటి రెండు తరములలోనే యిచ్చువాఁడు పుచ్చుకొనువాఁడయ్యెను, పుచ్చుకొనువాఁ డిచ్చువాఁడయ్యెను. 1961వ సంవత్సరపు వరకట్ననిషేధచట్టము దీని నాపఁజాలలేదు. ఆఁడుబిడ్డ పుట్టుక ఋణముగాఁ దోఁచఁజొచ్చెను. దీని తుది ఫల మెంత దారుణమో 1999లోను 2001లోను లోకమునకుఁ దెలిసెను. తెలంగాణపుఁ దండాలనుండి ఆఁడుశిశువులను గొద్దిపాటి రూకలకుఁ దెచ్చి, దత్తత పేర దూరదేశముల కంపుచున్న వ్యవహారము ఆ సంవత్సరములలో బయటపడినది. దీనిని లంబాడీల సహజస్వభావముగా వ్రాసినవారు గలరు. అది యన్యాయము. ఎద్దులిచ్చి పిల్లను దెచ్చుకొనిన జాతియే యిది. పిల్లను భారముగాఁ దలఁచుట వీరు స్థిరపడిన పిమ్మట మననుండి నేర్చిన విద్య.

పాఠశాల

2011వ సంవత్సరపు జనగణనమునుబట్టి, నాఁటి సమైక్య ఆంధ్రప్రదేశపు షెడ్యూల్డు తెగలలో నూటికి సుమారు 49 మంది అక్షరాస్యులు. స్త్రీలలో సుమారు 40 మంది మాత్రమే. తండా బాలిక బడి మానుటకుఁ గారణములు సులభముగాఁ దెలియును. మిరపకాయల కోఁతకాలమునఁ దల్లిదండ్రులు పరస్థలములకుఁ గూలికిఁ బోవుదురు. బిడ్డలను జూచుకొనుటకుఁ బెద్దకూఁతురు వెంటఁ బోవలయును, లేదా యింట నిలువవలయును. ఏ. కొండూరు మండలపుఁ దండాలను మూత్రపిండవ్యాధి చిరకాలముగాఁ బీడించుచున్నది. సంపాదించువాఁడు మంచమెక్కిన యింట నా వెలితిని దీర్చుటకు మొదట బడి మానునది తఱుచుగా బాలికయే. పదునెనిమిదేండ్లకు లోపు వివాహము 2006వ సంవత్సరపు చట్టముచేత నిషిద్ధమైనను, బడి మానిన పిల్లకుఁ బెండ్లి యాలోచన త్వరగా వచ్చును.

ఈ కారణములను దీర్చుట ప్రభుత్వమువారి పని. పండితుల చేతిలో నున్నది వేఱొకటి కలదు. తండా పిల్ల మొదటి దినమున వినునది తనకు రాని భాష. తెలుఁగున ‘పిల్ల వచ్చినది, ఆవు వచ్చినది’ యని స్త్రీకిని జంతువునకును క్రియ యొకటే. గోర్ బోలిలోఁ బుంస్త్రీలింగభేదమే ప్రధానము, అచేతనములకును లింగము కలదు. కావున నా పిల్ల తెలుఁగు క్రియలఁ దడఁబడినచో నది బుద్ధిమాంద్యము కాదు. వేఱొక వ్యాకరణము మనసున నుండుట. ఆంగ్లము నేర్చు తెలుఁగు బాలుని తడఁబాటును క్షమించు నుపాధ్యాయుఁడు, తెలుఁగు నేర్చు లంబాడీ బాలిక తడఁబాటును జూచి నవ్వుట తగదు.

ప్రాథమికదశయందు మాతృభాషలో బోధింపవలయునని రాజ్యాంగపు 350ఏ అధికరణము చెప్పుచున్నది. దాని ననుసరించి 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశమున గోండి, కోయ, సవర మున్నగు నెనిమిది గిరిజనభాషలలోఁ జిన్నతరగతులకు వాచకములు తయారుచేయు ప్రయత్నము జరిగినది. అందు లంబాడీ భాషయు నొకటి. వాచకములకుఁ దెలుఁగు లిపినే గ్రహించిరి. ఒత్తక్షరములును ణకార ళకారములును మన లిపిలో నుండుటచే నా మాటలు వ్రాయుటకు గొప్ప కొఱఁత లేదు. కావలసినది వ్రాయు చేయి.

ఆ చేయి నేఁడు తొలిసారిగా లభించినది. బడికిఁ బోవు తండా బాలికకుఁ దన నాయనమ్మ పాటయుఁ దెలియును, లిపియుఁ దెలియును. ఇంతకుముందు ఈ రెండును ఒక్కరియం దుండలేదు. అయితే యీ కూడిక యెల్లకాలము నిలుచునది కాదు. కాంచళి కట్టు స్త్రీలు ముదుసళ్లలోనే మిగిలియున్నారు. తక్కినవారికిఁ జీరయే వాడుక. తీజు పాటలకుఁ బెద్దపిల్ల లేని తండాలు ఏర్పడుచున్నవి. ఢావ్‌లో నేర్పు ముత్తైదువులు పోయిన పిమ్మట, వరుసనుబట్టి మాఱు సంబోధనములను జెప్పఁగలవా రుండరు.

కావునఁ దండాలకు సమీపమున నున్న పాఠశాలలలోని పండితులు శ్రావణమాసమునఁ దమ బాలికలచేతనే వారి పాటలను వ్రాయించుట మేలు. పాడినవారి తండా పేరును, ఏ సందర్భమునఁ బాడుదురో దానిని, కఠినపదముల యర్థములను బాలికయే ప్రక్కన గుర్తింపవలయును. దీనివలన భాషాపరిశోధకునకు సామగ్రి లభించును. బాలికకు వ్రాఁతలో నభ్యాసము కలుగును. అంతకంటె ముఖ్యమైన ఫలము తండ్రికిఁ గలుగును. కట్నపుఁ బద్దులోఁ దన కూఁతురిని ఖర్చు వైపున వ్రాసికొనుట కలవాటుపడిన తండ్రి, తన తల్లి పాటను దన కూఁతురు వ్రాసి చదువఁగా విన్న నాఁడు, ఆమెను మఱియొక వైపున వ్రాసికొనుట నేర్చును.